కొత్త మినీ ట్రాక్టర్ మాటిమాటికీ ఆగిపోతుంటే: లక్షణం చూసి కారణం పట్టుకోవడం, వారంటీలో బాగు చేయించుకోవడం

కొబ్బరి వరుసల మధ్య పెద్ద ట్రాక్టర్ తిరగదు. అందుకే కోనసీమలోనూ, ఏరు దాటి పాలకొల్లు, నరసాపురం వైపూ 20 నుంచి 30 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్లు ఇంతగా కనిపిస్తున్నాయి. అదే బండి తోటలో రోటావేటర్ తిప్పాలి, సార్వాకి (ఖరీఫ్ వరికి) కాలువ నీళ్లు రాగానే చేలో దమ్ము చేయాలి, అంటే నాట్లకి ముందు బురదగా కలియదున్నాలి. దమ్ము రోజులు కొన్నే. ఆ కొన్ని రోజుల్లోనే బండి షోరూం షెడ్డులో పడి ఉంటే నారు ముదిరిపోతుంది, కూలీలు వేరే చేలకు వెళ్లిపోతారు.

నాది 24 హార్స్‌పవర్, నాలుగు చక్రాలూ లాగే బండి. కొన్న ఎనిమిది నెలల్లో అయిదుసార్లు ఆగింది. రెండుసార్లు తప్పు నాది, మూడుసార్లు బండిది. ఏది ఎవరిదో తేల్చుకోవడానికి చాలా టెన్షన్ పడ్డాను. ఆ అనుభవంతో చెప్పేది ఒక్కటే: పార్టు మార్చడం వేరు, కారణం తీసేయడం వేరు. పార్టు మార్చి పంపేస్తే అదే పార్టు మళ్లీ పోతుంది. పోయిన ప్రతిసారీ వారంటీ గడువు కరిగిపోతుంటుంది.

బండి ఆగగానే ముందు చేయాల్సింది

స్పానర్ పట్టుకోకండి, ఫోన్ తీయండి. అవర్ మీటర్ అంకె కనిపించేలా ఒక ఫొటో, లోపం జరుగుతుండగా ఒక వీడియో తీయండి. షెడ్డుకి తీసుకెళ్లాక అక్కడ బరువు ఉండదు, బురద ఉండదు కాబట్టి సగం లోపాలు బయటపడవు. "బాగానే ఉందండి" అని తిరిగి పంపేస్తారు. ఏ గేరులో ఉంది, వెనక ఏ పనిముట్టు ఉంది, స్టార్ట్ చేసి ఎంతసేపయింది, డీజిల్ ఎంత ఉంది అనేవి ఒక నోటు పుస్తకంలో రాయండి. నా పుస్తకం లేకపోతే కింద చెప్పబోయే యాక్సిల్ సంగతి ఎప్పటికీ తేలేది కాదు.

లక్షణం: బరువు పడగానే ఇంజన్ గొంతు తగ్గి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతుంది

ఇది దాదాపు ఎప్పుడూ డీజిల్ అందకపోవడమే. ఎక్కడ అందడం లేదో వరసగా చూడాలి.

మొదట ట్యాంకు మూత. మూతకి గాలి పీల్చుకునే చిన్న రంధ్రం ఉంటుంది. బురద ఎండి అది మూసుకుపోతే డీజిల్ కిందికి దిగిన కొద్దీ ట్యాంకులో గాలి వెలితి పడి డీజిల్ రావడం ఆగుతుంది. ఇంజన్ ఆగిన వెంటనే మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, తర్వాత బండి మామూలుగా నడిస్తే కారణం అదే. మూత కడిగి, సన్నటి తీగతో రంధ్రం తెరిస్తే సరిపోతుంది. మొదటిసారి నా బండి ఆగింది దీనికే. పన్నెండు కిలోమీటర్లు లాక్కెళ్లాను.

మూత సరిగ్గా ఉంటే ఫిల్టర్ కింద ఉండే గిన్నె చూడండి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. సగం నిండిన డబ్బాల్లో డీజిల్ దాచితే రాత్రి చల్లదనానికి లోపల నీళ్లు చెమ్మగిల్లి అడుక్కి చేరతాయి. గిన్నె కింది స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టండి. నీళ్లు వేరుగా కింద నిలబడి కనిపిస్తాయి. స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించండి. సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెట్టడం అలవాటు చేసుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఫిల్టర్ మార్చిన తర్వాత ఇలా అవుతుంటే లైనులో గాలి ఉంది. ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు లేకుండా డీజిల్ వచ్చేదాకా ఆగి, పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. రెండు రోజులకే మళ్లీ గాలి చేరితే పైపు జాయింటు దగ్గర కారుతున్నట్టు. అది షోరూం వాళ్లు చూడాల్సిన పని.

ఇక్కడిదాకా ఉన్న పనులు యజమాని పుస్తకంలో ఉండేవే, చేస్తే వారంటీకి నష్టం లేదు. ఫ్యూయల్ పంపు మీది సీలు మాత్రం తెంచకండి, నాజిళ్లు విప్పకండి, బయట మేస్త్రీ చేత విప్పించకండి. ఆ సీలు తెగి ఉంటే మిగిలిన మాట ఏదీ వినరు.

లక్షణం: ముల్లు ఎర్రగీత మీదికి పోతోంది, ఇంజన్ వేడెక్కుతోంది

కొబ్బరి తోటలో రోటావేటర్ తిప్పితే ఎండు పీచు, ఆకు నుసి లేస్తాయి. ఫ్యాన్ వాటిని రేడియేటర్ రేకుల మీదికి లాగుతుంది. పైన ఆయిల్ తడి ఉంటే దుప్పటిలా అతుక్కుంటాయి. ముందు జాలీ తీసి దులిపితే చాలదు. ఇంజన్ వైపు నుంచి ముందు వైపుకి, అంటే నుసి వచ్చిన దారికి ఎదురుగా గాలి కొట్టాలి. నీళ్ల ప్రెషర్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. తర్వాత ఫ్యాన్ బెల్టు వదులు చూడండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయవద్దు.

కూలెంట్ తగ్గిందని బోదె నీళ్లు, సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు పోయకండి. ఉప్పు, పాచి లోపల పేరుకుంటాయి. సరే, ఇవన్నీ శుభ్రంగా ఉన్నాయి, కూలెంట్ మాత్రం తగ్గుతూనే ఉంది, కింద కారిన మరక లేదు. అప్పుడు ఇంజన్ చల్లారాక మూత తీసి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే పలక) మీద అనుమానం. కొత్త బండిలో అది వారంటీ పని, నడపడం వెంటనే ఆపండి.

లక్షణం: ఆయిల్ మజ్జిగలా తెల్లబడింది, చక్రం దగ్గర ఆయిల్ కారుతోంది

డెల్టా బళ్లకి అసలు జబ్బు ఇది. దీని గురించే కాస్త ఎక్కువ చెప్పాలి.

ముందు ఏ ఆయిల్ తెల్లబడిందో చూడండి. ఇంజన్ ఆయిల్ తెల్లబడితే కూలెంట్ లోపలికి వస్తున్నట్టు, అంటే పైన చెప్పిన గ్యాస్కెట్ లాంటి లోపం. గేరుబాక్స్ ఆయిల్ గానీ ముందు యాక్సిల్ ఆయిల్ గానీ తెల్లబడితే బయటి నీళ్లు లోపలికి పోతున్నాయి. అనుమానంగా ఉంటే వేడి పెనం మీద రెండు చుక్కలు వేయండి, నీళ్లుంటే చిటపటలాడుతుంది. చాలా బళ్లలో గేరుబాక్స్‌కీ హైడ్రాలిక్ లిఫ్ట్‌కీ ఆయిల్ ఒక్కటే కాబట్టి, తెల్లబడిన కొద్దిరోజులకి లిఫ్ట్ కూడా ఊగుతూ లేస్తుంది. అప్పుడు లిఫ్ట్ బాగు చేస్తామంటే ఒప్పుకోకండి, ముందు నీళ్ల దారి కనుక్కోవాలి.

నా బండికి 62 గంటల దగ్గర ముందు ఎడమ చక్రం సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు, కారింది. మార్చారు. 118 గంటలకి మళ్లీ కారింది. మార్చారు. రెండుసార్లూ ఒకటే మాట: "దమ్ములో దింపారు కదండీ, సీళ్లు పోతాయండి." ఆయిల్ డబ్బు నా దగ్గరే తీసుకున్నారు. 171 గంటలకి మూడోసారి కారినప్పుడు ఆయిల్ తెల్లగా కూడా ఉంది.

సీలు పోవడానికి మామూలు కారణం గడ్డి. ఎండుగడ్డి, ఎరువు బస్తా ప్లాస్టిక్ దారం హబ్ చుట్టూ చుట్టుకుని సీలు పెదవిని కోసేస్తాయి. దమ్ము చేసిన ప్రతి సాయంత్రం చక్రం లోపలి వైపు చెయ్యి పెట్టి వాటిని తీసేయాలి. రెండో సీలు నుంచీ నేను రోజూ తీసి ఫొటో పెట్టుకున్నాను. కాబట్టి మూడోసారి గడ్డి మీద నెట్టడానికి వీలు లేకపోయింది.

అప్పుడు ఆ షెడ్డులోనే వయసు మళ్లిన మేస్త్రీ ఒకాయన యాక్సిల్ పైన ఉన్న బ్రీతర్ (లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం ఉన్న బిరడా) విప్పి నోటితో ఊదాడు. గాలి పోలేదు. రంధ్రం మీద కంపెనీ పెయింటు గట్టిగా పట్టేసి ఉంది.

ఆయన చెప్పింది ఇది. పని చేస్తుంటే యాక్సిల్ లోపలి గేర్లు వేడెక్కుతాయి, లోపలి గాలి ఉబ్బుతుంది. బ్రీతర్ తెరిచి ఉంటే అటు నుంచి పోతుంది, మూసి ఉంటే సీలు మీద ఒత్తి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. సాయంత్రం ఆ వేడి బండినే కాలువ రేవులో దింపి కడుగుతాం. లోపలి గాలి ఒక్కసారిగా చల్లారి ముడుచుకుంటుంది, సీలు సందులోంచి బురదనీళ్లని లోపలికి పీలుస్తుంది. ఎన్ని కొత్త సీళ్లు వేసినా ఇదే జరుగుతుంది.

బ్రీతర్ శుభ్రం చేసి, పాత ఆయిల్ మొత్తం దించి, లోపల కడిగి, కొత్త ఆయిల్ పోసి, కొత్త సీలు వేశారు. సీలు కూర్చునే చోట షాఫ్ట్ మీద గీత పడిందేమో గోరుతో తడిమి చూశాడు. గీత గోరుకి తగిలితే కొత్త సీలు కూడా నిలవదు. ఆ తర్వాత ఒక సార్వా, ఒక దాళ్వా (రబీ) అయ్యాయి, ఆ చక్రం పొడిగానే ఉంది.

మీ బండికి సీలు రెండోసారి కారితే బ్రీతర్ విప్పి చూడమని అడగండి, దగ్గరుండి చూడండి. మీ వైపు నుంచి ఒక్క జాగ్రత్త: పని ఆపాక అరగంటైనా చల్లారనిచ్చి నీళ్లలో దింపండి.

లక్షణం: సెల్ఫ్ తీసుకోవడం లేదు

బ్యాటరీ మార్చమనే ముందు క్లచ్ పూర్తిగా తొక్కారా, పీటీవో లివర్ (వెనక పనిముట్టుని తిప్పే షాఫ్ట్‌ని కలిపే లివర్) న్యూట్రల్‌లో ఉందా చూసుకోండి. చాలా కొత్త బళ్లలో సేఫ్టీ స్విచ్‌లు ఉంటాయి, వాటిలో బురద చేరితే సెల్ఫ్ మూగబోతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో టెర్మినళ్లకి తెల్లటి బూజు పడుతుంది. వేణ్నీళ్లతో కడిగి, ఆరాక వాజిలీన్ రాయండి. ఎర్త్ వైరు చాసిస్‌కి బిగించిన చోట పెయింటు, తుప్పు గీకండి. మీటర్ ఉంటే రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజన్ నడుస్తుంటే 14 దగ్గరికి రావాలి. రాకపోతే ఛార్జింగ్ లోపం. బ్యాటరీ, టైర్లు, ఫ్యూయల్ పంపులకి తరచుగా వాటి తయారీదారుల వారంటీ విడిగా ఉంటుంది, ఆ కార్డులు దాచుకోండి.

క్లచ్ జారుతోందంటే పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు ఉందేమో చూసుకోండి. క్లచ్ ప్లేటు అరిగే వస్తువు కిందికి వస్తుంది, వారంటీలో సాధారణంగా ఇవ్వరు. బండి శక్తికి మించిన వెడల్పు రోటావేటర్ తగిలించి షాఫ్ట్ విరగ్గొట్టుకున్నా అంతే.

అదే లోపం మళ్లీ వస్తే కాగితం ఎలా ఉండాలి

షోరూం వాళ్లు రాసే జాబ్ కార్డే మీ సాక్ష్యం. దానిలో "జనరల్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టకండి. మీరు చెప్పిన ఫిర్యాదు మీ మాటల్లో ఉండాలి: "ముందు ఎడమ సీలు మూడోసారి కారుతోంది, 171 గంటలు." బండి ఇచ్చిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ, మార్చిన పార్టు, అన్నిటికంటే ముఖ్యంగా పోవడానికి కారణం. "కారణం ఏమని రాశారండి?" అని మర్యాదగానే అడగండి, రాసేదాకా నిలబడండి. నా మూడో కార్డులో "బ్రీతర్ పెయింటుతో మూసుకుపోయింది" అని రాయించుకున్నాను. ఆ ఒక్క వాక్యం చూపించి మొదటి రెండుసార్ల ఆయిల్ డబ్బు వెనక్కి తీసుకున్నాను.

దమ్ములో దింపడమే తప్పు అంటే యజమాని పుస్తకం తెరవండి. దమ్ముకి వాడితే గ్రీజు ఎప్పుడు కొట్టాలి, ఆయిల్ ఎప్పుడు చూడాలి అని అందులో ఉంటే, దమ్ము చేయడం కంపెనీ ఒప్పుకున్న పనే. ఆ పేజీ ఫొటో తీసి జాబ్ కార్డులతో కలిపి పెట్టుకోండి. ఉచిత సర్వీసులు గంటల ప్రకారం సమయానికి చేయించి ముద్ర వేయించుకోండి. వారంటీ నెలలు, గంటలు రెండింటిలో ఏది ముందు పూర్తయితే దానితో అయిపోతుంది.

ఒకే లోపం మూడోసారి వస్తే నోటిమాటలు ఆపి, డీలరుకీ కంపెనీ కస్టమర్ కేర్‌కీ రాతపూర్వకంగా పంపండి. తేదీలు, గంటలు, జాబ్ కార్డు నంబర్లు, మీకు ఏం కావాలో, ఎన్ని రోజుల్లో కావాలో రాయండి. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టు కూడా వేసి రసీదు ఉంచుకోండి. కోపంతో బ్యాంకు వాయిదా మాత్రం ఆపకండి. అప్పు బ్యాంకుతో, గొడవ డీలరుతో. వాయిదా ఆపితే రెండో గొడవ మీ మెడకి చుట్టుకుంటుంది.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే ప్రాంతపు కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కరలేదు. కొన్న ధర 5 లక్షల లోపుంటే రుసుము లేదు, 5 నుంచి 10 లక్షల మధ్య 200 రూపాయలు. కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే కమిషనే ల్యాబుకి పంపించగలదు. సొంత పొలానికీ, స్వయం ఉపాధిగా బతుకుతెరువుకీ వాడే రైతు ఈ చట్టంలో వినియోగదారుడే. డ్రైవర్లని పెట్టి పూర్తిగా కిరాయిలకే తిప్పుతుంటే అది వ్యాపారమని ఎదుటివాళ్లు వాదిస్తారు, దానికి సిద్ధపడి వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఇన్వాయిస్, వారంటీ పుస్తకం, ముద్రలున్న సర్వీసు బుక్కు, అన్ని జాబ్ కార్డులు, పంపిన ఉత్తరాల రసీదులు, వీడియోలు ఎక్కించిన పెన్‌డ్రైవ్, మీ నోటు పుస్తకం తీసుకెళ్లండి. బండి ఆగిన రోజుల్లో బయటి ట్రాక్టర్‌కి ఇచ్చిన దమ్ము కూలికి రసీదు రాయించుకుని ఉంటే అది కూడా పెట్టండి. నష్టపరిహారం అడిగేటప్పుడు ఆ అంకెకి ఆధారం అదే.