బరువు తగ్గే ఇంజెక్షన్ వాడుతూ ఆకలి, యావ, ఒత్తిడి విడదీసి రాసుకోవడం ఎలా?

వారానికోసారి వేసుకునే బరువు తగ్గే ఇంజెక్షన్లలో మౌంజారో (అందులోని మందు టిర్జెపటైడ్) 2025 మార్చిలో, వెగోవీ (అందులోది సెమాగ్లుటైడ్) అదే ఏడాది జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అప్పటినుంచి డాక్టర్ల దగ్గర తరచూ వినిపించే మాట: “మందు పనిచేయట్లేదండీ, డోసు పెంచండి.” ఎప్పుడు తినాలనిపిస్తోంది, ఏం తినాలనిపిస్తోంది, దానికి ముందు ఏం జరిగింది అని అడిగితే మాత్రం తెల్లమొహం. ఈ ఇంజెక్షన్లు ఆకలిని గట్టిగా తగ్గిస్తాయి. తిండి యావను చాలామందిలో బాగానే తగ్గిస్తాయి. ఒత్తిడితో తినే అలవాటు మీద మాత్రం వీటి పట్టు అంతంతమాత్రం. ఏది ఏదో తెలుసుకోకుండా డోసు పెంచితే మిగిలేది వాంతులు, మలబద్ధకం, జేబుకు చిల్లు.

కావలసినవి

ఒక రూల్డ్ నోట్‌బుక్, పెన్ను, వంటింటి తూకం. షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లకు గ్లూకోమీటర్. ఫోన్ యాప్‌లు వద్దు. అవి కేలరీలు అడుగుతాయి తప్ప ఆ బజ్జీ ఎందుకు తిన్నారో అడగవు. పైగా ఫోన్ తీసినప్పుడల్లా తిండి వీడియో ఒకటి ఎదురవుతుంది. కాగితమే వాడాలి.

ఇంజెక్షన్‌కు ముందు వారం

దాదాపు అందరూ వదిలేసే పని ఇదే. మొదటి ఇంజెక్షన్‌కు ముందు ఏడు రోజులు రాయకపోతే తర్వాత దేనితో పోల్చుకుంటారు? పేజీకి ఆరు గడులు గీయండి: టైము, ఆకలి 0 నుంచి 10 లో ఎంత, ఏం తినాలనిపించింది, దానికి ముందు అరగంటలో ఏం జరిగింది, ఏం తిన్నారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. భోజనాలు రాయనక్కర్లేదు. తినాలనిపించిన ప్రతిసారీ రాయాలి, తినకపోయినా సరే.

ఏ రోజు వేసుకోవాలి

గురువారం రాత్రి. సెమాగ్లుటైడ్ రక్తంలో గరిష్ఠానికి చేరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. టిర్జెపటైడ్ కూడా మూడు రోజుల లోపే చేరుతుంది. అంటే శని, ఆదివారాల్లో, బయట తిండి, చుట్టాల ఇళ్లు, బిర్యానీ ఉన్న రోజుల్లో, మందు అండగా ఉంటుంది. పట్టు కాస్త సడలేది మంగళ, బుధవారాల్లో. అప్పుడు ఇంటి తిండే కాబట్టి పెద్ద నష్టం లేదు. సోమవారం వేసుకుని ఆదివారం ఆకలేస్తోందని గోల పెట్టడంలో అర్థం లేదు. కాకపోతే ఆదివారం బిర్యానీ మామూలులో మూడో వంతే పెట్టుకోండి. ఈ మందు వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతున్నప్పుడు నూనె, మసాలా ఎక్కువైతే అర్ధరాత్రి పుల్లటి త్రేన్పులు, వాంతులు ఖాయం.

పొట్ట, తొడ, జబ్బ: చోటు మారుస్తూ ఉండండి. తెరవని పెన్ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, మంచు పేరుకునే గోడకు తగలకుండా పెట్టాలి. ఒకసారి గడ్డ కట్టిన మందు పారేయాల్సిందే.

ఏ వారం రాయాలి

సెమాగ్లుటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలై నాలుగేసి వారాలకు 0.5, 1, 1.7, చివరికి 2.4 కు వెళ్తుంది. టిర్జెపటైడ్ 2.5 తో మొదలై 5 కు, ఆపైన అవసరాన్ని బట్టి 15 వరకు. మొదటి డోసు కడుపుకు అలవాటు చేయడానికే, బరువు తగ్గించడానికి కాదు. ఆ నెలలో “ఏమీ తేడా లేదు” అని తీర్పు చెప్పకండి. ప్రతి డోసులోనూ నాలుగో వారం ఏడు రోజులు రాస్తే చాలు. ఏడాది పొడవునా రాస్తామని శపథం చేసినవాళ్లు రెండో నెలకే పుస్తకం అటకెక్కిస్తారు.

అసలు కష్టం: మూడింటినీ విడదీయడం

ఇక్కడ నిదానంగా చదవండి. తినాలనిపించిన క్షణంలో చేయి డబ్బా మీదకు పోకముందే, ముందు పెన్ను మీదకు పోవాలి. తిన్నాక రాసింది పనికిరాదు. తిన్న తర్వాత ఎవరికైనా అది ఆకలి అనే అనిపిస్తుంది.

మొదటి ప్రశ్న: ఇప్పుడు పెరుగన్నం పెడితే తింటానా? ఉప్పు, పెరుగు, అన్నం, అంతే. పక్కన ఆవకాయ లేదు, ఊరమిరపకాయ లేదు. తింటాననిపిస్తే అది ఆకలి. “అబ్బే, మిర్చి బజ్జీ అయితే చెప్పు” అనిపిస్తే అది యావ. ఆకలి ఏది పెట్టినా తింటుంది, యావకు ఫలానాదే కావాలి. ఆకలి పొట్టలో మొదలై మెల్లగా పెరుగుతుంది, చివరి భోజనం అయి మూడు నాలుగు గంటలైనా అయి ఉంటుంది. యావ నోట్లోనూ తలలోనూ ఉంటుంది, కడుపు నిండా తిని చేయి కడుక్కున్న పది నిమిషాలకే రాగలదు.

రెండో ప్రశ్న: అరగంట ముందు ఏం జరిగింది? ఆఫీసు నుంచి ఫోను, ఈఎంఐ మెసేజ్, పిల్లల మార్కులు, అత్తగారి మాట, ఇంట్లో ఎవరికో జ్వరం. ఒత్తిడి తిండికి గుర్తు ఏమిటంటే, ఏం కావాలో కూడా స్పష్టంగా ఉండదు. డబ్బా మూత తీసి మురుకులు, అది మూసి బిస్కెట్లు, ఫ్రిజ్ తెరిచి నిన్నటి స్వీటు. రుచి కూడా సరిగా తెలియదు. ఆ గడిలో “టెన్షన్” అని రాస్తే చాలదు. “5:40, మేనేజర్ ఫోను, రేపటికి రిపోర్టు కావాలన్నాడు” అని రాయాలి. ఆ వివరం లేకపోతే పేజీ మొత్తం వృథా.

మూడోది 20 నిమిషాల ఆగుడు. ఒక గ్లాసు నీళ్లు తాగి ఆగండి. ఆకలి అయితే పెరుగుతుంది, యావ చాలాసార్లు తగ్గుతుంది, ఒత్తిడి అలాగే ఉంటుంది. 20 నిమిషాల తర్వాత అంకె మళ్లీ రాయండి. మొదటి అంకె కన్నా ఈ రెండో అంకే డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

ఆగకూడని సందర్భం ఒకటుంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ ఈ ఇంజెక్షన్ కూడా వేసుకుంటున్నవాళ్లకు హఠాత్తుగా ఆకలి వేసి, చేతులు వణికి, చెమట పడితే అది యావ కాదు, షుగర్ పడిపోవడం. వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. మీటర్ చేతిలో లేకపోతే ముందు తాగండి, తర్వాత వెతుక్కోండి. ఇలా ఒక్కసారి జరిగినా డాక్టరుకు ఫోను చేయాలి. తగ్గించాల్సింది సాధారణంగా ఆ షుగర్ మాత్రనో ఇన్సులిన్‌నో.

ఇంకో పొరపాటు, కడుపులో మంటను ఆకలి అనుకోవడం. కడుపు నెమ్మదించడం వల్ల ఆమ్లం పైకి తన్ని ఛాతీ కింద రగులుతుంది. దాన్ని చల్లార్చాలని బిస్కెట్లు తింటే ఇంకా పెరుగుతుంది. తినగానే మంట ఎక్కువైతే అది ఆకలి కాదని రాసుకోండి. మంట సంగతి పక్కన పెడితే, పొట్ట పైభాగంలో భరించలేని నొప్పి వీపులోకి పాకుతూ వాంతులు అవుతుంటే పుస్తకం మూసేసి ఆసుపత్రికి వెళ్లాలి. క్లోమం వాచిపోయే ప్రమాదం ఈ మందులతో అరుదే కానీ ఉంది.

మూడో పొరపాటు, అన్నీ సున్నాలే రాసి సంబరపడటం. రోజంతా ఆకలి సున్నా, పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు ముద్దలు. సాయంత్రం ఆరింటికి దెయ్యం పట్టినట్టు తింటారు. దాన్ని యావ అని రాస్తారు. అది యావ కాదు, పొద్దుటి నుంచి ఎగ్గొట్టిన తిండి బాకీ. ఇంజెక్షన్ వేసుకుంటూ 16 గంటల ఉపవాసాలు చేసేవాళ్లదీ ఇదే కథ. మందు చేసే పనిని మళ్లీ ఉపవాసంతో చేయించడం దండగ. తగ్గే బరువులో కొంత కండ కూడా ఉంటుంది, తిండి మానేస్తే అది మరింత పోతుంది. ఆకలి లేకపోయినా మూడు పూటలా ముందు మాంసకృత్తులు తినాలి. రోజుకు 60 నుంచి 80 గ్రాములు, కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ చెప్పిన లెక్క. గుడ్డులో 6 గ్రాములు, 200 గ్రాముల పెరుగులో దాదాపు 6, ఎముక లేని ఉడికిన చికెన్ 100 గ్రాముల్లో 25 పైన. సాయంత్రం నాలుగున్నరకు 30 గ్రాముల వేయించిన శనగలు తప్పనిసరి. పప్పుచారు పోసుకుని మాంసకృత్తులు సరిపోయాయనుకోకండి, అందులో ఎక్కువ భాగం నీళ్లే.

పేజీ చదవడం

ఏడు రోజులయ్యాక మూడు రంగులతో గుర్తు పెట్టి లెక్కేయండి.

ఇంజెక్షన్ వేసుకున్న రెండు మూడు రోజుల్లో కూడా, సరిగ్గా తిన్న రెండు గంటలకే ఆకలి 6 దాటుతోందా? అప్పుడు డోసు సంగతి డాక్టరుతో మాట్లాడొచ్చు. ఆరో రోజు, ఏడో రోజు మాత్రమే అయితే ముందు ఆ రెండు రోజుల మాంసకృత్తులు, నిద్ర సరిచూసుకోండి. సెమాగ్లుటైడ్ సగానికి తగ్గడానికే వారం పడుతుంది. ఏడో రోజుకి మందు “అయిపోవడం” అంటూ ఉండదు.

యావ గుర్తులు ఒకే టైముకి, ఒకే చోట వస్తుంటే అది చుట్టూ ఉన్నవాటి పని. డబ్బా పై అరలోకి, డెలివరీ యాప్ ఫోన్‌లోంచి బయటికి. మందు ఇలాంటి చోట బాగా సాయపడుతుంది. సెమాగ్లుటైడ్ మీద 2017లో వచ్చిన చిన్న అధ్యయనంలో 12 వారాలకు జనం తినే కేలరీలు సుమారు 24 శాతం తగ్గాయి, కొవ్వు పదార్థాల మీద మోజు కూడా తగ్గింది. నెలసరికి ముందు వారం యావ పెరగడం మామూలే. ఆ వారం పేజీ చూపించి డోసు అడగకండి.

ఒత్తిడి గుర్తులే ఎక్కువగా ఉంటే? జపాన్‌లోని గిఫులో షుగర్ ఉన్నవాళ్లను ఏడాది పాటు గమనించి 2025లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడానే చూపింది. తిండి కనబడితే, వాసన వస్తే తినేవాళ్లకు ఈ రకం మందులు బాగా కలిసివచ్చాయి. మనసు బాగాలేక తినేవాళ్లలో మొదట్లో తగ్గిన అలవాటు ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది. అందుకని ఇక్కడ డోసుతో కాకుండా రాసిన ఆ ఘటనతోనే మొదలుపెట్టాలి. 5:40 ఫోను రోజూ వస్తుంటే ఫోను పెట్టేయగానే పది నిమిషాల నడక, వంటింటి వైపు కాకుండా వీధి వైపు. నిద్ర ఆరు గంటలు దాటని రోజుల పక్కన గీత పెట్టండి, ఒత్తిడి తిండి చాలావరకు వాటి పక్కనే కనబడుతుంది. ఫెంటెర్మిన్ లాంటి ఆకలి చంపే మాత్రలు ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. అవి గుండె దడ, నిద్రలేమి తెచ్చి ఈ వరసనే ఇంకా పెంచగలవు.

చిరుతిండే ఊరటగా బతికినవాళ్లకు మందు ఆ ఊరటను లాగేసుకున్నట్టు ఉండొచ్చు. చిరాకు, ఏదీ బాగుండకపోవడం, ఎవరూ చూడకుండా ఆపుకోలేక తినడం రెండు వారాలు దాటితే మందు రాసిన డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కు తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

మందు ఆపాలనుకుంటే పుస్తకం ఆపకండి. సెమాగ్లుటైడ్ మీద జరిగిన స్టెప్ 1 ప్రయోగంలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. వాళ్లలో ఆపేశాక కూడా గమనించిన కొందరు, ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగారు. సెమాగ్లుటైడ్ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి దాదాపు ఐదు వారాలు పడుతుంది కాబట్టి మొదటి రెండు వారాల పేజీలు చూసి ధైర్యపడొద్దు. మూడో వారం, ఐదో వారం, ఎనిమిదో వారం రాసి, ఇంజెక్షన్‌కు ముందు రాసిన ఆ మొదటి వారంతో పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి.