టీన్ టైటాన్స్ చివరి సీజన్లను చీకటి కథగా తిరగరాయడం ఎలా

టీన్ టైటాన్స్ అనే సూపర్ హీరో కార్టూన్ నాలుగో సీజన్‌నీ ఐదో సీజన్‌నీ తమ పద్ధతిలో మళ్ళీ రాయాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "ఎవరిని చంపాలి?" అని. ఎవరినీ చంపక్కర్లేదు. ఆ రెండు సీజన్లలో ప్రపంచమంతా ఒకసారి రాయిగా మారిపోయింది. యువ హీరోలు వరసగా గడ్డకట్టిపోయారు. ఒక తండ్రి సొంత కూతుర్నే ద్వారంగా వాడుకుని భూమ్మీదకి దిగాడు. ఇంతకంటే ఘోరాలు మనం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. అవన్నీ జరిగిన మర్నాడు ఆ ఊళ్ళో ఎలా తెల్లవారిందో ఎవరూ చూపించలేదు. నా ఫ్యాన్ ఫిక్షన్ అంతా ఆ మర్నాటి గురించే. ఇక్కడ చెప్పేది కూడా ఆ పద్ధతే.

కార్టూన్ నెట్‌వర్క్‌లో 2003 జూలైలో మొదలైన ఈ సీరీస్ 2006 జనవరిలో ముగిసింది. సీజన్‌కి 13 చొప్పున 5 సీజన్లు, మొత్తం 65 ఎపిసోడ్లు. రాబిన్, స్టార్‌ఫైర్, సైబోర్గ్, రేవెన్, బీస్ట్ బాయ్ అనే ఐదుగురు టీనేజ్ హీరోల జట్టు కథ ఇది. ఒక్కో సీజన్ బరువు ఒక్కో మనిషి మీద ఉంటుంది: మొదటిది రాబిన్, రెండోది కొన్నాళ్ళు జట్టులో ఉన్న టెర్రా, మూడోది సైబోర్గ్, నాలుగోది రేవెన్, ఐదోది బీస్ట్ బాయ్. మొదటి మూడింటి జోలికి పోకండి. అవి మీ పునాది. వాటిని కూడా మార్చేస్తే చదివేవాళ్ళకి ఏది అసలు కథో, ఏది మీ కథో తెలియదు.

రాయడానికి ముందు మళ్ళీ చూడాలి, చేతిలో నోట్‌బుక్ పెట్టుకుని. నేను లాంగ్ నోట్‌బుక్ పేజీని నిలువుగా మూడు భాగాలు చేస్తాను. మొదటి దాంట్లో ఏం జరిగిందో, రెండో దాంట్లో అది ఎవరికి తగిలిందో, మూడో దాంట్లో తర్వాతి ఎపిసోడ్లలో దాని ఊసు ఉందో లేదో రాస్తాను. ఉదాహరణకి మొదటి సీజన్ చివర విలన్ స్లేడ్ రాబిన్ స్నేహితుల రక్తంలోకి కంటికి కనిపించనంత చిన్న యంత్రాలు ఎక్కించి, వాళ్ళ ప్రాణాలు అడ్డం పెట్టి రాబిన్‌ని శిష్యుడిగా చేసుకుంటాడు. మూడో గడిలో ఏం రాయాలి? ఊసు ఉంది, గట్టిగానే ఉంది. మూడో సీజన్లో "హాంటెడ్" ఎపిసోడ్ మొత్తం ఆ గాయమే.

ఆ ఎపిసోడ్‌ని పాఠంలా చూడండి. చచ్చిపోయాడనుకున్న స్లేడ్ రాబిన్‌కి ఒక్కడికే కనిపిస్తాడు. రాబిన్ లేని శత్రువుతో పోట్లాడి ఒళ్ళంతా దెబ్బలు తగిలించుకుంటాడు. స్నేహితులే అతన్ని మంచానికి కట్టి పడుకోబెట్టాల్సి వస్తుంది. రేవెన్ అతని మనసులోకి వెళ్ళి చూస్తుంది. చివరికి తేలేదేమిటంటే, స్లేడ్ ముసుగులో ఉన్న ఒక పొడి పీల్చడం వల్ల ఇదంతా జరిగింది. వెలుతురు ఉన్నచోట ఆ స్లేడ్ నిలబడలేడని రాబిన్ కనిపెట్టి దీపాలు వేస్తాడు. చుక్క రక్తం లేదు, పిల్లలు చూసే కార్టూన్. అయినా భయం ఎక్కడినుంచి పుట్టిందో చూడండి: రాబిన్‌ని స్లేడ్ కంటే ఎక్కువ భయపెట్టింది స్టార్‌ఫైర్ తనని చూసి వెనక్కి తగ్గడం. నాలుగో సీజన్లో "ట్రాక్" కూడా ఇలాంటిదే. వాల్-యోర్ అనే వీరుడు స్టార్‌ఫైర్‌ని ఆమె జాతిని కించపరిచే మాటతో పిలుస్తుంటాడు. మొదట్లో ఆమె ఓర్చుకుంటుంది, స్నేహితులకి చెప్పదు. చివర్లో కూడా అతను మారడు. ఈ సీరీస్ రాసినవాళ్ళకి చీకటి రాయడం బాగా వచ్చు. మీరు వాళ్ళ చేతిలోని దీపాన్ని ఇంకొంచెం దించి పట్టుకుంటున్నారు, అంతే.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. నాలుగో సీజన్ చివరి మూడు భాగాలు, "ది ఎండ్". రేవెన్‌కి తన ద్వారానే తండ్రి భూమ్మీదకి వస్తాడని పుట్టినప్పటినుంచీ తెలుసు. చివరి రోజున స్నేహితులతో సరదాగా గడపాలని చూస్తుంది, తర్వాత తనే లొంగిపోతుంది. ఆమె తండ్రి ట్రైగాన్ వస్తాడు, మనుషులంతా రాళ్ళయిపోతారు. రాబిన్ స్లేడ్‌ని వెంటబెట్టుకుని పాతాళంలాంటి చోటికి వెళ్ళి, చిన్నపిల్లగా మారిపోయిన రేవెన్‌ని తీసుకొస్తాడు. ఆమె తెల్ల దుస్తుల్లో లేచి తండ్రిని తుడిచిపెట్టేస్తుంది. ఊరు మామూలైపోతుంది, పార్టీ చేసుకుంటారు. ఐదో సీజన్ కొత్త శత్రువులతో మొదలవుతుంది.

నా నోట్‌బుక్‌లో ఈ వరస ఎదురుగా మూడో గడి ఖాళీ. అంత పెద్ద సంఘటనకి ఒక్క మాట కూడా లేదు. తిరగరాయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇక్కడ ముందు ఒక నియమం పెట్టుకోవాలి, దాన్ని చివరిదాకా తప్పకూడదు. రాళ్ళయిన మనుషులకి స్పృహ ఉందా, లేదా? తిరిగి మామూలయ్యాక వాళ్ళకేం గుర్తుందో సీరీస్ పట్టించుకోలేదు కాబట్టి నిర్ణయం మీదే. నేను స్పృహ ఉందని పెట్టుకున్నాను. చూపు లేదు, వినికిడి లేదు, స్పర్శ మాత్రం ఉంది. ఈ ఒక్క నియమంతో ఊరు ఊరంతా మారిపోతుంది. నిద్రపోవాలంటే భయపడేవాళ్ళు, కదలకుండా వరసలో నిలబడలేనివాళ్ళు, రాతి బొమ్మలున్న పార్కుకి రావడం మానేసినవాళ్ళు పుట్టుకొస్తారు. వాళ్ళెవరూ రేవెన్ మీద రాయి విసరరు. విసిరితే కథ తేలికైపోతుంది, ఎందుకంటే అప్పుడు వాళ్ళది తప్పు, రేవెన్‌ది ఒప్పు అయిపోతుంది. వాళ్ళు మర్యాదగానే ఉండాలి.

నేను రాసిన ఒక ముక్క చూడండి. టైటాన్స్ ఎప్పుడూ తినే పిజ్జా కొట్టు.

"లోపలికి రావా?" అన్నాడు బీస్ట్ బాయ్.

"ఇక్కడే ఉంటాను."

"వాన పడుతోంది."

"తెలుసు."

కొట్టతను తనే పెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. రేవెన్ చేతికివ్వలేదు, మెట్టు మీద పెట్టాడు. "ఆ రోజు నేను ఈ గుమ్మంలోనే నిలబడిపోయాను. మా పాప నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి తెలుస్తూనే ఉంది నాకు. తల తిప్పి చూద్దామంటే కాలేదు," అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరికో చెప్పుకోవాలి కాబట్టి చెప్పాడు. ఎప్పుడూ చిల్లర వదిలేసేవాడు, ఆ రోజు పైసలతో సహా లెక్కపెట్టి ఇచ్చాడు.

ఇందులో పోరాటం లేదు, మంత్రం లేదు. ఇలాంటి సీన్లు ఒక ఎపిసోడ్‌కి ఒకటి చాలు. రెండోది పెట్టారంటే మొదటి దాని బరువు పోతుంది.

రాబిన్‌కి వేరే భారం ఉంది. స్లేడ్ సాయం లేకుండా రేవెన్ దొరికేది కాదు. ఆ ప్రయాణంలోనే స్లేడ్‌కి పోగొట్టుకున్న ఒళ్ళు తిరిగొచ్చింది, ఎవరికీ చిక్కకుండా వెళ్ళిపోయాడు. తన స్నేహితుల ప్రాణాలతో ఆడుకున్నవాడు బతికి ఉండటంలో తన చెయ్యి ఉందని రాబిన్‌కి తెలుసు. నా వెర్షన్‌లో ఐదో సీజన్ పొడవునా అతను ఈ మాట రెండో సీజన్ చివర రాయిగా మారిన టెర్రా బొమ్మ ముందు తప్ప ఎక్కడా పైకి అనడు. బయటికి కనిపించేదల్లా అతను ప్రతి దాడికీ అవసరానికి మించి ప్లాన్ వేయడం, సైబోర్గ్ అడిగితే విసుక్కోవడం.

నవ్వు తీసేయకండి. చాలామంది ఇక్కడే కథని పాడుచేస్తారు. "ది ఎండ్"కి సరిగ్గా ముందున్న ఎపిసోడ్‌లో ఒక మంత్రగత్తె టైటాన్స్‌కి పై అనే తీపి వంటకం తినిపించి తనే వాళ్ళ అమ్మనని నమ్మిస్తుంది. దాన్ని కొట్టేయాలనిపిస్తుంది. ఉంచండి, ఒక్క చోటు మాత్రం మార్చండి: మాయ విడిపోయాక అందరూ నవ్వుకుంటుంటే, తల్లి ఒడి ఎరగని రేవెన్‌కి ఆ అబద్ధం కాసేపు బాగుందనిపించాలి. బీస్ట్ బాయ్ జోకులు కూడా ఆపొద్దు. ఆ జోకులకి ఎవరు నవ్వడం మానేశారన్నదాన్ని బట్టి ఆ ఇంట్లో పరిస్థితి తెలియాలి.

మాటతీరు విషయంలో నా అలవాట్లు కొన్ని. రేవెన్‌కి పొట్టి వాక్యాలు. స్లేడ్ గొంతు ఎప్పుడూ పెంచడు, తిట్టడు, రాబిన్‌తో నువ్వు అంటూనే పెద్దమనిషిలా మాట్లాడతాడు. స్టార్‌ఫైర్ పుస్తకంలో నేర్చుకున్నట్టు నిండు వాక్యాలు మాట్లాడే పిల్ల కాబట్టి నేను ఆమె చేత అందర్నీ మీరు అనిపిస్తాను. బాగా భయపడినప్పుడు మాత్రం "రాబిన్, నువ్వు లే" అంటుంది. ఆ ఒక్క మాటకి వెనకాల ఇంకేం వర్ణన అక్కర్లేదు. అసలు పేర్లు వాడకండి. ఈ సీరీస్ రాబిన్ ముసుగు ఎప్పుడూ తీయలేదు, ఆ హద్దు మీరు కూడా ఉంచుకుంటే మంచిది. రాసినదాన్ని మా చెల్లికి చదివి వినిపిస్తాను. ఎవరి మాటో పేరు చెప్పకుండా చదివితే తను పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే ఆ డైలాగ్ పోతుంది.

ఐదో సీజన్లో చాలా ఎపిసోడ్లు వదిలేయొచ్చు. ప్రపంచం నలుమూలలా ఉన్న కొత్త హీరోలని పరిచయం చేయడానికి వచ్చినవి అవి, వాటిలో చీకటికి చోటు తక్కువ. డూమ్ పట్రోల్ అనే హీరోల జట్టుతో మొదలయ్యే "హోమ్‌కమింగ్" మాత్రం పట్టుకోండి. అందులో మెంటో అనే నాయకుడు బీస్ట్ బాయ్‌ని పెంచినవాడు. గెలుపు కోసం మనుషుల్ని వదిలేసుకోవాలంటాడు, బీస్ట్ బాయ్ ఒప్పుకోడు. సీజన్ చివరికి బీస్ట్ బాయే నాయకత్వం చేయాల్సి వస్తుంది. ఈ రెండు కొసలనీ కలపండి.

కలిసేది పారిస్‌లో. బ్రదర్‌హుడ్ ఆఫ్ ఈవిల్ అనే విలన్ల ముఠా అక్కడ హీరోలని పట్టుకొచ్చి గడ్డకట్టించి బొమ్మల్లా నిలబెడుతుంది. మిగిలినవాళ్ళు దాడి చేసి విడిపించుకుంటారు, అదే యంత్రంతో విలన్లని గడ్డకట్టిస్తారు. బీస్ట్ బాయ్ ఒక జోక్ వేస్తాడు, గెలిచేశారు. నాకు ఈ సీన్ చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. వాళ్ళు చేస్తే ఘోరమైంది మనం చేస్తే గెలుపెలా అయింది? విచారణ లేదు, శిక్ష ఎన్నేళ్ళో చెప్పేవాడు లేడు. పైగా కొన్నాళ్ళ క్రితం ప్రపంచమంతా రాయిగా నిలబడిపోయి ఉంది. మీరు నాలుగో సీజన్లో స్పృహ ఉందనే నియమం పెట్టుకుని ఉంటే, ఇక్కడ రేవెన్ నోరు విప్పక తప్పదు.

ఈ ప్రశ్న మోయడానికి సరైన మనిషి జింక్స్. హైవ్ ముఠాలో ఉన్న ఈ పిల్ల "లైట్‌స్పీడ్"లో కిడ్ ఫ్లాష్ అనే హీరో మాట విని, బ్రదర్‌హుడ్‌లోని మేడమ్ రూజ్‌కి ఎదురు తిరిగి, చివరి పోరాటంలో టైటాన్స్ పక్షాన నిలబడింది. ఆమె పాత జట్టు అవతలి పక్షాన ఉంది. నా వెర్షన్‌లో గడ్డకట్టినవాళ్ళలో ఆ జట్టులోని గిజ్మో ఉన్నాడు. వాడు ఎంత తెలివైనవాడైనా చిన్నపిల్లవాడు. అందరూ సంబరంగా ఫొటో దిగుతుంటే జింక్స్ వాడి ముందు నిలబడి, "వీణ్ణి ఎప్పుడు బయటికి తీస్తారు?" అని అడుగుతుంది. రాబిన్ దగ్గర సమాధానం ఉండదు. బీస్ట్ బాయ్ దగ్గర కూడా ఉండదు, కానీ మెంటోలా "తప్పదు" అనడం అతనికి చేతకాదు. ఇక్కడినుంచి మీకు ఆరో సీజన్ దొరుకుతుంది: గెలిచినవాళ్ళు ఒక్కొక్కరినీ కరిగించి, ఒక్కొక్కరితో మాట్లాడి, ఏం చేయాలో తేల్చుకోవడం. కొందరు మళ్ళీ దాడి చేస్తారు. చేయాలి కూడా, లేకపోతే ఆ నిర్ణయానికి విలువ ఉండదు.

టెర్రా దగ్గర జాగ్రత్త. మార్వ్ వోల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ 1984లో చేసిన "ది జుడాస్ కాంట్రాక్ట్" కామిక్‌లో ఆమె చివరిదాకా ద్వేషంతోనే ఉండి చనిపోతుంది. కార్టూన్‌లో ఊరిని కాపాడి రాయిగా మారుతుంది. చీకటి కావాలని కామిక్ టెర్రాని తెచ్చి పెట్టకండి, రెండో సీజన్ మొత్తం అబద్ధమైపోతుంది. ఆ కామిక్‌లో స్లేడ్‌కీ ఆ పిల్లకీ ఉన్న సంబంధాన్ని అసలే తేవద్దు. వీళ్ళంతా మైనర్లు. ఒళ్ళు చూపించే సీన్లూ, హింసని రుచిగా వర్ణించే పేరాలూ నేను రాయను, రాసినవి చదవను.

చివరి ఎపిసోడ్ "థింగ్స్ చేంజ్"ని ముట్టుకోకండి. స్కూల్ యూనిఫాంలో టెర్రాలా ఉన్న అమ్మాయి బీస్ట్ బాయ్‌ని గుర్తుపట్టనట్టే ఉండిపోతుంది. ఆమె టెర్రానా కాదా, ఎలా బతికింది, వీటికి జవాబు ఉండదు. ఆ ముగింపు నచ్చక చాలామంది దాన్ని సరిచేయడానికే ఫ్యాన్ ఫిక్షన్ రాస్తారు. మన పద్ధతిలో సరిచేయాల్సిందేమీ అందులో లేదు. రాతిలో ఉండి వచ్చినవాళ్ళకి ఏం గుర్తుంటుందన్న మీ నియమం ఆ అమ్మాయికి కూడా వర్తిస్తుంది కదా. ఆ నియమం తెలిసి చూస్తే ఆమె వెనక్కి తిరగకుండా వెళ్ళడానికి కారణం చదివేవాళ్ళకి దానంతట అదే అందుతుంది. మీరు ఈ ఎపిసోడ్ ఎక్కడ వస్తుందో మాత్రం చూసుకోండి. నేను దాన్ని గిజ్మో సీన్ తర్వాత, ఆరో సీజన్‌కి ముందు ఉంచాను.

మొదలుపెట్టేటప్పుడు సీజన్ మొత్తం ప్లాట్ వేసుకుని కూర్చోకండి. ముందు "ది ఎండ్" మర్నాటి పొద్దున, టైటాన్స్ ఉండే టవర్ వంటగది, ఐదుగురూ టిఫిన్ దగ్గర, ఎవరూ ట్రైగాన్ పేరు ఎత్తకూడదు. రెండు పేజీలు రాయండి. రేవెన్ మాటలు రేవెన్‌లా రాకపోతే మొదటి సీజన్లో బీస్ట్ బాయ్, సైబోర్గ్ ఆమె అద్దంలోంచి మనసులోకి పడిపోయే "నెవర్‌మోర్" మళ్ళీ చూసి, ఆ రెండు పేజీలూ మొదటినుంచి రాయండి. అవి కుదిరాక పిజ్జా కొట్టుకి వెళ్ళండి.