పాత ఫొటోలు స్కాన్ చేస్తున్నారా? వెనక వైపు కూడా చేయండి

లైబ్రరీలోవైనా, ఇంట్లోవైనా పాత ఫొటోలు స్కాన్ చేసేటప్పుడు దయచేసి వెనక వైపు వదిలేయకండి. సికింద్రాబాద్ స్టూడియో ముద్ర, ఉర్దూలో పెన్సిల్‌తో రాసిన పేరు, ఏదో పాత నంబరు, అసలు సమాచారమంతా అక్కడే ఉంటుంది. రెండు వైపులకీ ఒకే నంబరిచ్చి చివర 'ముందు', 'వెనక' అని చేర్చండి చాలు. 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) నాణ్యత తగ్గని టిఫ్ ఫైల్ దాచుకుని, పంపడానికి తక్కువ సైజు జేపెగ్ కాపీ తీసుకోండి.

కేటలాగ్‌లో మాత్రం ఫొటో మీద ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మన అంచనా కారణంతో సహా వేరే గడిలో రాయాలి: మూసీ ఒడ్డున హైకోర్టు భవనం పూర్తిగా కనిపిస్తుంటే, ఆ భవనం 1908 మూసీ వరదల తర్వాతే కట్టింది కాబట్టి, ఫొటో ఆ వరదల ముందుది కాదని ధైర్యంగా రాయొచ్చు. ఫొటో వెనక బాల్‌పెన్ను అస్సలు పెట్టకండి, సిరా ముందుకి దిగుతుంది.