బ్రిటన్‌లో పన్ను చిక్కులు: పే స్లిప్ నుంచి ఎన్‌ఆర్‌ఇ డిపాజిట్ దాకా

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇటీవల ఎదురవుతున్న పన్ను చిక్కులకు జీతాలపై రేట్లు పెరగడం కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి 20, 40, 45 శాతం రేట్లు ఎప్పటిలాగే ఉన్నాయి. సామాజిక భద్రత కోసం జీతం నుంచి ఉద్యోగి చెల్లించే నేషనల్ ఇన్సూరెన్స్ అసలు రేటు 2024 జనవరిలో 12 నుంచి 10 శాతానికి, ఏప్రిల్‌లో 8 శాతానికి తగ్గింది కూడా. ధరలతోపాటు పెరగవలసిన పరిమితులను కదలనివ్వకపోవడం, పాత వెసులుబాట్లను ఎత్తివేయడం వల్లనే భారం పెరిగింది. కింది జీతాల లెక్కలు ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వర్తిస్తాయి. స్కాట్లండ్‌లో జీతంపై స్లాబులు వేరు.

సమస్య: జీతం పెరిగినా చేతికి వచ్చే మొత్తం అంతగా పెరగలేదు.

పన్ను లేని ఆదాయ పరిమితి 2021 ఏప్రిల్ నుంచి 12,570 పౌండ్ల వద్ద, 40 శాతం స్లాబు మొదలయ్యే పరిమితి 50,270 పౌండ్ల వద్ద ఆగిపోయాయి. మొదట 2026 వరకు అన్న ఈ స్తంభనను తరువాత 2028కి, 2025 నవంబరు బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ 2031 ఏప్రిల్‌కు పొడిగించారు. 50,270 దాటిన ప్రతి పౌండుపై పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ కలిపి కోత 28 నుంచి 42 పెన్నీలకు పెరుగుతుంది. గీత దాటిన కొద్ది మొత్తాన్ని శాలరీ శాక్రిఫైస్ పద్ధతిలో (జీతంలో కొంత వదులుకుంటే సంస్థే దాన్ని జమ చేసే ఏర్పాటు) పెన్షన్‌కు మళ్లించడమే దీనికి అందుబాటులో ఉన్న మార్గం. అయితే 2029 ఏప్రిల్ నుంచి ఇలా మళ్లించే సొమ్ములో ఏడాదికి 2,000 పౌండ్లకు మాత్రమే నేషనల్ ఇన్సూరెన్స్ మినహాయింపు ఉంటుంది. ఆదాయపు పన్ను మినహాయింపు మాత్రం కొనసాగుతుంది.

సమస్య: కొత్త ఉద్యోగంలో మొదటి నెలే భారీ కోత.

ఇది చట్టం మారడం వల్ల వచ్చినది కాదు, టాక్స్ కోడ్ (ఎంత పన్ను కోయాలో సంస్థకు చెప్పే గుర్తు) తప్పుగా పడటం వల్ల వచ్చినది. పే స్లిప్‌పై 1257ఎల్ ఉండవలసిన చోట బీఆర్ అని ఉంటే జీతమంతటిపైనా 20 శాతం, 0టీ అని ఉంటే మినహాయింపు ఏమీ లేకుండా స్లాబుల ప్రకారం కోస్తారు. పాత సంస్థ ఇచ్చిన, అప్పటిదాకా జీతం, పన్ను చూపే పీ45 పత్రాన్ని, అది లేకపోతే వివరాలు నింపి ఇచ్చే స్టార్టర్ చెక్‌లిస్ట్‌ను కొత్త సంస్థకు అందజేసి, బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ యాప్‌లో వివరాలు సరిచూసుకుంటే ఆ పన్ను సంవత్సరంలో అదనంగా పోయినది సాధారణంగా తరువాతి జీతాల్లో తిరిగి వస్తుంది.

సమస్య: లక్ష పౌండ్లు దాటాక బోనస్‌లో సగానికి పైగా పన్నుకే పోయింది.

ఆదాయం లక్ష దాటిన ప్రతి రెండు పౌండ్లకు పన్ను లేని పరిమితిలో ఒక పౌండు తగ్గుతూ, 1,25,140 వద్ద అది పూర్తిగా మాయమవుతుంది. లక్ష జీతంపై 10,000 బోనస్ వస్తే దానిపై 40 శాతం కింద 4,000, పోగొట్టుకున్న 5,000 మినహాయింపుపై 2,000, నేషనల్ ఇన్సూరెన్స్ 200 పోయి, మిగిలేది 3,800 పౌండ్లు. ఇంగ్లండ్‌లో పసిపిల్లలున్నవారికి దీనికంటే పెద్ద దెబ్బ మరొకటి ఉంది: తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరి సర్దుబాటు ఆదాయం (పెన్షన్ చందాల వంటివి తీసేశాక మిగిలేది) లక్షకు ఒక్క పౌండు మించినా పనిచేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటల ఉచిత శిశు సంరక్షణ, సంరక్షణ ఖర్చులో ప్రభుత్వం కొంత కలిపే టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ రెండూ పోతాయి. ఇద్దరూ చెరి 99,000 సంపాదించే ఇంటికి ఇవి దక్కి, ఒక్కరే 1,01,000 సంపాదించే ఇంటికి దక్కకపోవడం ఏ న్యాయమో చెప్పడం కష్టం. పెన్షన్ చందాలు, ధార్మిక సంస్థలకు గిఫ్ట్ ఎయిడ్ కింద ఇచ్చే విరాళాలు సర్దుబాటు ఆదాయాన్ని తగ్గిస్తాయి గనుక ఏప్రిల్ 5 లోపల లెక్క చూసుకుని ఆ మేరకు జమ చేయాలి. పిల్లల కోసం ప్రభుత్వమిచ్చే చైల్డ్ బెనిఫిట్ భత్యం విషయంలోనూ మందు ఇదే. అక్కడ 2024 ఏప్రిల్ నుంచి ఇచ్చినదాన్ని తిరిగి వసూలు చేయడం ఆదాయం 60,000 వద్ద మొదలై 80,000 వద్ద పూర్తవుతుంది.

సమస్య: భారతదేశంలోని డిపాజిట్ల వడ్డీ గురించి హెచ్‌ఎంఆర్‌సీ నుంచి లేఖ వచ్చింది.

మనవారిలో ఎక్కువ అపోహలున్నది ఇక్కడే. ఎన్‌ఆర్‌ఇ ఖాతా (ప్రవాసులు విదేశీ సంపాదనను భారత్‌లో దాచుకునేది) వడ్డీకి పన్ను లేదన్నది భారత చట్టం మాట. బ్రిటన్ నివాసికి ఆ వడ్డీ బ్రిటన్‌లో పన్ను వేయదగిన ఆదాయమే. 2025 ఏప్రిల్ 6కు ముందు, శాశ్వత స్వస్థలం భారతదేశమే అయినవారు బ్రిటన్‌కు తెచ్చుకోని విదేశీ ఆదాయం ఏడాదికి 2,000 పౌండ్లలోపు ఉంటే క్లెయిమ్ చేయకుండానే వెసులుబాటు పొందేవారు. శాశ్వత స్వస్థలం బయటి దేశమైనవారికి వర్తించిన నాన్‌డామ్ విధానంతోపాటు అదీ రద్దయింది. రెండు దేశాలూ బ్యాంకు ఖాతాల వివరాలను ఏటా పరస్పరం అందించుకుంటున్నాయి కాబట్టి, చెప్పకపోతే తెలియదులే అనుకోవడానికి వీలు లేదు.

కొత్తగా వచ్చిన నాలుగేళ్ల ఎఫ్‌ఐజీ (విదేశీ ఆదాయం, లాభాల) విధానం గురించి విని, అది తమకు అయాచిత వరమని పలువురు భావిస్తున్నారు. అంతకుముందు వరుసగా పదేళ్లు బ్రిటన్ నివాసి కానివారికి మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయంపై పన్ను ఉండదన్నది నిజమే. కానీ క్లెయిమ్ చేసిన ఏడాది 12,570 పౌండ్ల మినహాయింపు వదులుకోవాలి. 55,000 జీతం, 3,000 వడ్డీ ఉన్న వ్యక్తి మామూలుగా వడ్డీపై కట్టవలసినది, మొదటి 500 మినహాయించగా, 1,000 పౌండ్లు. దాన్ని తప్పించుకోవడానికి క్లెయిమ్ చేస్తే జీతంపై అదనంగా 5,028 పౌండ్లు కట్టాలి. 1,25,140కి మించి సంపాదించేవారికి ఎలాగూ ఆ మినహాయింపు ఉండదు గనుక వారికి ఈ విధానం నిజంగా లాభసాటి.

ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులకు భారత్‌లో వచ్చే అద్దె వంటి ఆదాయం జమయ్యేది) వడ్డీ సంగతి వేరు. అక్కడ భారత బ్యాంకు సెస్సుతో కలిపి 30 శాతానికి మించి టీడీఎస్ కోస్తుంది గాని, రెండు దేశాల ఒప్పందం ప్రకారం భారత్ వేయదగినది 15 శాతమే, బ్రిటన్ తన పన్నులో తగ్గించి క్రెడిట్ ఇచ్చేదీ అంతవరకే. హెచ్‌ఎంఆర్‌సీ నుంచి నివాస ధ్రువపత్రం తీసుకుని బ్యాంకుకు ముందే ఇవ్వాలి. ఆలస్యమైతే అదనపు కోతను భారత రిటర్ను ద్వారా రీఫండ్‌గా తెచ్చుకోవాలి. బ్రిటన్ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6 నుంచి ఏప్రిల్ 5 వరకు కాబట్టి, బ్యాంకు ఇచ్చే మార్చి 31 నాటి వడ్డీ పత్రం సరిపోదు. ఖాతా స్టేట్‌మెంట్ నుంచి జమ తేదీల వారీగా లెక్క తీయాలి. సెల్ఫ్ అసెస్‌మెంట్‌కు (తన పన్ను తానే లెక్కగట్టి రిటర్ను వేసే పద్ధతికి) కొత్తగా నమోదు కావలసినవారికి గడువు అక్టోబరు 5, ఆన్‌లైన్ రిటర్నుకు, చెల్లింపుకు జనవరి 31.

సమస్య: లాభం కొద్దిగానే ఉన్నా మూడు నెలలకోసారి లెక్కలు పంపమంటున్నారు.

లెక్కలను డిజిటల్‌గా పంపించే మేకింగ్ టాక్స్ డిజిటల్ విధానం లాభాన్ని కాక ఖర్చులు తీయకముందరి రాబడిని చూస్తుంది. 2024-25లో స్వయం ఉపాధి, అద్దెలు కలిపి 50,000 పౌండ్లు దాటినవారికి 2026 ఏప్రిల్ 6 నుంచి ఇది తప్పనిసరి. 2027లో ఆ పరిమితి 30,000కు, 2028లో 20,000కు దిగుతుంది. ఇందులో జీతాన్ని కలపరు గాని, హైదరాబాద్ ఫ్లాట్ అద్దెను బ్రిటన్ నివాసి కలపవలసిందే. ఉమ్మడి ఆస్తి అయితే ఎవరి వాటా వారిదే. ఆమోదిత సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాస్తూ త్రైమాసిక వివరాలు పంపాలి. మొదటిదానికి గడువు 2026 ఆగస్టు 7. పన్ను చెల్లించే తేదీలు మాత్రం మారలేదు.