మెయిల్ సర్వర్‌ను కొత్త యంత్రానికి మార్చడం ఎలా?

పాత యంత్రం నుంచి కొత్తదానికి మెయిల్ సర్వర్‌ను తరలించే పని నేను చాలాసార్లు చేశాను; ఇతరులు సగంలో చెడగొట్టిన తరలింపులను సరిదిద్దిన సందర్భాలూ తక్కువేమీ కావు. చెడిన చోటల్లా దాదాపు ఒకటే కారణం కనిపించింది. సేవ కాసేపు కూడా ఆగకూడదన్న భయంతో రెండు యంత్రాలనూ ఒకేసారి నడపడమే ఆ కారణం. ఇక్కడ చెప్పే పద్ధతి పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్లను పంపి, అందుకునే ప్రోగ్రాం), డవ్‌కాట్ (యూజర్లకు వారి మెయిళ్లను చూపించే ప్రోగ్రాం) నడుస్తూ, మెయిళ్లను మెయిల్‌డిర్ రూపంలో దాచే లినక్స్ సర్వర్లకు వర్తిస్తుంది.

కొత్త యంత్రంలో ఒకదానికొకటి నకలుగా పనిచేసే రెండు డిస్కులు, ఇప్పుడున్న మెయిళ్లకు రెట్టింపు స్థలం ఉంటే చాలు. పాతదానిలో ఉన్న డవ్‌కాట్ వెర్షన్‌నే కొత్తదానిలోనూ పెట్టండి. 2025లో వచ్చిన 2.4 వెర్షన్ 2.3 నాటి సెట్టింగుల ఫైళ్లను ఉన్నవి ఉన్నట్లుగా అంగీకరించదు కనుక, యంత్రం మార్పును, వెర్షన్ మార్పును ఒకే రాత్రి పెట్టుకోకూడదు. సెట్టింగులు, పాస్‌వర్డుల డేటాబేస్, సర్టిఫికెట్లు, డీకిమ్ (మెయిల్ మీ డొమైన్‌దేనని చూపే సంతకం) ప్రైవేట్ కీలు ముందే తెచ్చుకోండి. మెయిళ్లకు యజమానిగా ఉన్న సిస్టమ్ యూజర్ సంఖ్య రెండు యంత్రాల్లోనూ ఒకటే కావాలి.

ఐపీ అడ్రస్ మార్చకండి. ఇది నా నియమం. కొత్త అడ్రస్‌కు ఇతర సర్వర్ల దగ్గర మంచిపేరు ఇంకా ఉండదు కనుక, మీ మెయిళ్లు కొన్నాళ్లు స్పామ్‌లోకి పోవచ్చు. తప్పనిసరిగా మార్చాల్సివస్తే పీటీఆర్ (ఐపీ అడ్రస్ నుంచి సర్వర్ పేరు చెప్పేది), ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపగల సర్వర్లను చెప్పేది) రికార్డులను సవరించి, డీఎన్ఎస్‌లో టీటీఎల్‌ను (పాత సమాధానాన్ని ఇతరులు గుర్తుంచుకునే సమయాన్ని) రెండు రోజుల ముందే 300 సెకన్లకు తగ్గించండి.

తర్వాత పాత సర్వర్ నడుస్తుండగానే ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ సాధనంతో మెయిళ్లన్నిటినీ ఒకసారి కాపీ చేయండి. గంటలు పట్టినా ఫరవాలేదు. మరుసటి రోజు మళ్లీ నడిపితే మారినవి మాత్రమే వస్తాయి.

అసలు చిక్కు చివరి కాపీ దగ్గర ఉంది. మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. ఎవరైనా దాన్ని చదవగానే అది 'న్యూ' ఫోల్డర్ నుంచి 'కర్' ఫోల్డర్‌కు మారి, పేరు చివర గుర్తు అక్షరాలు చేరతాయి. అందువల్ల పాతచోట లేని ఫైళ్లను కొత్తచోట తొలగించే ఎంపిక పెట్టకుండా చివరి కాపీ చేస్తే, ఒకే మెయిల్ రెండుసార్లు కనిపిస్తుంది, తీసేసిన మెయిళ్లు తిరిగి వస్తాయి. ఆ ఎంపిక పెట్టి, అప్పటికే కొత్త యంత్రం మెయిళ్లు అందుకుంటూ ఉంటే, అలా కొత్తగా చేరినవన్నీ చెరిగిపోతాయి. ఈ రెండు ప్రమాదాలూ తప్పాలంటే ఒకటే దారి: ముందు పాత యంత్రంలో పోస్ట్‌ఫిక్స్‌ను, డవ్‌కాట్‌ను పూర్తిగా ఆపి, రీబూట్ అయినా లేవకుండా నిలిపివేసి, కొత్తదానిలో ఇంకా ఏదీ మొదలుపెట్టకుండా, తొలగింపు ఎంపికతో కాపీ చేయాలి. ఆ తర్వాత ఆ ఆదేశాన్ని మళ్లీ ముట్టుకోకూడదు.

సర్వర్ ఆగితే మెయిళ్లు పోతాయన్న భయం అక్కర్లేదు. పంపే సర్వర్ కనీసం 4, 5 రోజులు ప్రయత్నిస్తూనే ఉండాలని 2008 నాటి ఎస్ఎంటీపీ (సర్వర్లు మెయిళ్లు పంపుకునే పద్ధతి) ప్రమాణం చెబుతోంది; పోస్ట్‌ఫిక్స్ కూడా మామూలుగా 5 రోజులు ఆగుతుంది. గంటసేపు తలుపు మూసినందువల్ల మెయిల్ ఆలస్యమవుతుందే తప్ప పోదు.

డవ్‌కాట్ పేరుతో మొదలయ్యే ఫైళ్లన్నీ మళ్లీ తయారవుతాయని అనుకుని కాపీ నుంచి మినహాయించేవారు ఉన్నారు. ఇండెక్స్ ఫైళ్ల వరకు అది నిజమే కానీ, ప్రతి ఫోల్డర్‌లోనూ ఉండే యూఐడీ లిస్ట్ అలాంటిది కాదు. ఏ మెయిల్‌కు ఏ సంఖ్య ఇచ్చారో అందులోనే ఉంటుంది. అది పోతే ఫోన్లు, కంప్యూటర్లు తమ దగ్గరున్న నకళ్లను పారేసి అన్నిటినీ మొదటినుంచి దించుకుంటాయి. ఖాతాలో లాగిన్ అయి మెయిళ్లను కాపీ చేసే ఐమ్యాప్‌సింక్ వంటి సాధనాలను ఈ పనికి నేను వాడకపోవడానికి కారణమూ ఇదే: ఒక సంస్థ సర్వీసు నుంచి మరొకదానికి పోయేటప్పుడు అవి చక్కగా పనికొస్తాయి, కానీ మెయిళ్లకు కొత్త సంఖ్యలు ఇస్తాయి. ఫైళ్లు నేరుగా చేతిలో ఉన్నప్పుడు ఆ చుట్టుదారి అనవసరం.

పంపాల్సిన మెయిళ్ల క్యూను కూడా ఇప్పుడే కాపీ చేయండి. క్యూ ఫైళ్ల పేర్లు డిస్కులో ప్రతి ఫైలుకూ ఉండే ఐనోడ్ సంఖ్యలతో ముడిపడి ఉంటాయి కనుక, కొత్తచోట పోస్ట్‌ఫిక్స్‌తో వచ్చే పోస్ట్‌సూపర్ ఆదేశంతో ఆ పేర్లను సరిచేయించాకే పోస్ట్‌ఫిక్స్‌ను మొదలుపెట్టాలి.

మొదలుపెట్టే ముందు పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ సెట్టింగ్ పెట్టండి. ఏదైనా యూజర్ల పట్టిక తేవడం మరిచినా, అప్పుడు సర్వర్ 'ఈ అడ్రస్ లేదు' అని శాశ్వతంగా తిప్పికొట్టక, మళ్లీ ప్రయత్నించమని చెబుతుంది. ఇతర సర్వర్ల నుంచి మెయిళ్లు వచ్చే పోర్ట్ 25ను బయటివారికి తెరవకముందే ఒక ఖాతాతో లాగిన్ అయి, పాత మెయిళ్లు, చదివిన గుర్తులు సరిగా ఉన్నాయో లేదో చూడండి. తెరిచాక బయటి అడ్రస్‌కు ఒక మెయిల్ పంపి, అందుకున్నచోట డీకిమ్ సంతకం నెగ్గిందని నిర్ధారించుకోండి. ఒక రోజంతా లాగ్ గమనించి, తిరస్కరణలు నిజంగా తిరస్కరించాల్సినవే అని తేలిన తర్వాత సాఫ్ట్ బౌన్స్‌ను తీసేయండి.

పాత యంత్రం నెట్‌వర్క్ కేబుల్ పీకి, డిస్కులను చెరపకుండా కనీసం 30 రోజులు అలాగే ఉంచండి. సెలవు నుంచి తిరిగొచ్చిన వ్యక్తి ఒక ఫోల్డర్ కనిపించడం లేదని చెప్పేది సాధారణంగా ఆ నెలలోపే.