అమ్మానాన్నలకు డాలస్ టికెట్ కొనే ముందు

2025 జూన్ 23 రాత్రి ఖతార్ గగనతలం మూసేశారు. మూసింది కొన్ని గంటలే, అయినా దోహాలో విమానం మారాల్సినవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు. ఇలాంటప్పుడు ఒకే టికెట్ మీద ఉన్నవాళ్లను చివరి ఊరిదాకా చేర్చే పూచీ ఎయిర్‌లైన్‌ది. విడివిడిగా కొన్నవాళ్లు మొదటి విమానం ఆలస్యమై రెండోది అందుకోలేకపోతే, ఆ రెండో కంపెనీ లెక్కలో వాళ్లు రానట్టే. డబ్బు పోయినట్టే.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి గీత గీస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా అయితే మొదట 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. తర్వాత 12,900 కిలోమీటర్లు, దాదాపు 16 గంటలు. గాల్లోనే ఇరవై గంటలన్నమాట. టికెట్ మీదుండేవి ఏ ఊరి టైము ఆ ఊరిది కాబట్టి వాటిని తీసివేసి లెక్క వేయకండి. డాలస్ వేసవిలో మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర.

కొంపముంచేది ఈ దూరం కాదు, చివరి చిన్న ముక్క. షికాగో దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి డాలస్‌కి రెండు గంటల తేడాతో వేరే కంపెనీలో ఇంకోటి కొంటారు. చవకని. కానీ అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్, బ్యాగులు తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ సెక్యూరిటీ అన్నీ అవ్వాలి. (అబుదాబి మీదుగా వెళ్తే ఈ తతంగం అక్కడే అయిపోతుంది.) ఒకే టికెట్ అయితే కస్టమ్స్ దాటగానే బ్యాగులు అప్పగించి పోవచ్చు. విడి టికెట్ అయితే టెర్మినల్ మారాలి, చెకిన్ క్యూలో నిలబడాలి, బ్యాగులకు మళ్లీ డబ్బు కట్టాలి. పైగా అక్కడి దేశీయ విమానాలకు బయల్దేరే 45 నిమిషాల ముందే సాధారణంగా బ్యాగులు తీసుకోవడం ఆపేస్తారు. వీల్‌చెయిర్ కోసం ఎదురుచూసే పెద్దవాళ్లకు రెండు గంటలు ఏ మూలకి?

యూరప్‌లో ఇలా ముక్కలు చేస్తే ఇంకా ఘోరం. బ్యాగు కోసం బయటికి రావాలంటే అక్కడి చాలా దేశాల్లో షెన్‌గెన్ వీసా (ఆ దేశాల ఉమ్మడి వీసా) కావాలి.

ఒకే టికెట్ కొనండి. ఏజెంటు "బ్యాగులు త్రూ వెళ్తాయండీ" అన్నా నమ్మకండి. పీఎన్‌ఆర్‌లు రెండున్నా ఫర్వాలేదు, ఒక్కో మనిషికి 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఒకటే ఉండాలి. ఎక్కాల్సిన విమానాలు నాలుగు దాటితే దానికి వరస నంబరుతో రెండో టికెట్ జతవుతుంది. ఒకే టికెట్ అయినా అమెరికాలో విమానం మారాలంటే మూడు గంటలు ఉంచండి. ఢిల్లీ మీదుగా వెళ్తే హైదరాబాద్–ఢిల్లీ ముక్క కూడా విడిగా కొనొద్దు. మాత్రలు, ఇన్సులిన్ చేతిసంచిలోనే. కార్గోలో ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు. ఏ వేళకు ఏది వేసుకోవాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించండి. విమానంలో గంటన్నరకోసారి లేచి నడవాలి, లేకపోతే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు. దుబాయ్ మీదుగా గసగసాలు వద్దు. మాంసం పచ్చళ్లు వద్దు. పవర్ బ్యాంక్ చెకిన్ బ్యాగులో వద్దు. పిల్లల అడ్రసు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. శంషాబాద్ కౌంటర్ వదిలే ముందు ప్రతి బ్యాగు ట్యాగు మీదా డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ విమానాశ్రయం కోడు) అని ఉందో లేదో చూడండి. షికాగో అని ఉంటే అక్కడే అడగండి.