క్రైస్తవ పండితులతో విశ్వాసం, వాక్యం, ఆరాధన గురించి మాట్లాడాలంటే ఏం అడగాలి, ఎలా అడగాలి

బైబిల్ బాగా చదువుకున్న మనిషి ఒక గంట టైమ్ ఇస్తానన్నారు అనుకోండి, మనలో చాలామంది చేసే పని ఏంటంటే ఉన్నవాటిలో పెద్ద ప్రశ్నలన్నీ రాసుకుని వెళ్ళిపోవడం. దేవుడు ఉన్నాడని ఎలా నమ్మాలి, బైబిల్ అంతా నిజమేనా, ఇన్ని చర్చిలు ఎందుకు అని. ఇవి తప్పు ప్రశ్నలేం కాదు, కానీ ఆయన వీటిని లెక్కలేనన్ని సార్లు విని ఉంటారు, జవాబు నోట్లో రెడీగా ఉంటుంది, మీరు విని తల ఊపి బయటికొచ్చేస్తారు, ఆ జవాబు ఏ పుస్తకంలో చూసినా దొరికేదే. అదే మనిషిని చిన్న ప్రశ్న, ఒక వచనం గురించో ఒక ప్రార్థన గురించో అడిగి, ఆ తర్వాత "ఇది మీకెలా తెలుసు సర్" అని ఇంకొకటి వేస్తే అప్పుడు అసలు మాట మొదలవుతుంది. నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఈ రెండో ప్రశ్న గురించే.

దానికంటే ముందు ఒక పని ఉంది. ఆయనో ఆవిడో ఏ సబ్జెక్ట్ మనిషో కనుక్కోండి. బైబిల్ స్కాలర్ అనగానే అన్నీ తెలిసినవాళ్ళని మనం అనుకుంటాం గానీ పాత రాతప్రతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్ళు వేరు, ఒక సువార్త మీదే జీవితమంతా పని చేసేవాళ్ళు వేరు, సంఘ చరిత్ర వేరు, త్రిత్వం రక్షణ కృప లాంటి సిద్ధాంతాల మీద రాసేవాళ్ళు వేరు, ఆరాధన క్రమాలు ఎలా పుట్టాయి ఎలా మారాయి అని చూసేవాళ్ళు ఇంకా వేరు. రాతప్రతుల ఆయన్ని పట్టుకుని బాప్తిస్మం పసిపిల్లలకి ఇవ్వొచ్చా అని అడగడం కంటి డాక్టర్‌కి మోకాలి నొప్పి చెప్పుకోవడం లాంటిదే, మర్యాద కొద్దీ ఏదో ఒకటి చెప్తారు అంతే. వాళ్ళు రాసిన పుస్తకాల పేర్లు, చెప్పే కోర్సుల పేర్లు చూస్తే ఈ సంగతి అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఏ సంఘం నుంచి వచ్చారో కూడా చూసుకోండి, కాథలిక్కా ఆర్థడాక్సా లూథరనా బాప్టిస్టా పెంతెకొస్తా అని. అలాగే పండితులందరూ పాస్టర్లో ఫాదర్లో కాదు, కొంతమంది అసలు విశ్వాసులే కాదు, కాబట్టి పిలిచే ముందు ఎలా పిలవమంటారో అడిగేయండి, దాంట్లో నామోషీ ఏం లేదు.

పక్కన ఏ బైబిల్ పెట్టుకోవాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 పుస్తకాలు, కాథలిక్ బైబిల్లో 73, ఇథియోపియా ఆర్థడాక్స్ వాళ్ళు 81 అని లెక్క చెప్తారు. మీరు 66 పట్టుకుని వెళ్ళి కాథలిక్ ప్రొఫెసర్ గారు మక్కబీయుల గ్రంథం నుంచి మాట్లాడుతుంటే "అది బైబిల్లో లేదు కదా" అన్నారంటే ఆ గంటలో సగం దానికే పోతుంది.

ఇప్పుడు వాక్యం గురించి ఎలా అడగాలో ఒక ఉదాహరణ దగ్గర నుంచి చూద్దాం. మార్కు సువార్త 16వ అధ్యాయం తీయండి. 8వ వచనంలో స్త్రీలు సమాధి దగ్గర నుంచి వణికిపోతూ పారిపోతారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పరు. ఆ తర్వాత 9 నుంచి 20 వరకు యేసు కనపడటం, శిష్యుల్ని లోకమంతా వెళ్ళమనడం, పాముల్ని ఎత్తి పట్టుకోవడం ఇవన్నీ ఉంటాయి. చాలా బైబిళ్ళలో ఈ భాగాన్ని బ్రాకెట్లలో పెట్టో కింద నోట్ రాసో ఉంచుతారు, ఎందుకంటే 4వ శతాబ్దం నాటి రెండు ముఖ్యమైన ప్రతులు, సినాయిటికస్, వాటికానస్ అనేవి, రెండూ 8వ వచనం దగ్గరే ఆగిపోతాయి. దీన్ని ఒకాయన "అయితే బైబిల్ మార్చేశారన్నమాట, ఏమంటారు?" అని అడిగాడనుకోండి, ఎదుటివాళ్ళు వెంటనే కాపు కాసుకునే పనిలో పడతారు. మీరు ఇలా అడగండి: "8 దగ్గర ఆగిపోతే ఈ సువార్త మీకు ముగిసినట్టు అనిపిస్తుందా, లేక చివరి ఆకు పోయిందంటారా? ఆ 12 వచనాల మీద మీరు ప్రసంగం చేస్తారా?" చూడండి, ఇందులో మొదటిది రాతప్రతులూ మార్కు రాసే తీరుకి సంబంధించింది, రెండోది ఆయన సంఘంలో ఏం చేస్తాడన్నది. ఈ రెండు జవాబుల మధ్య చిన్న తేడా ఏదన్నా కనపడితే, అక్కడే ఆగి ఇంకాస్త అడగండి, మంచి సంభాషణ అంతా అలాంటి చోటే ఉంటుంది. యోహాను 8లో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ కూడా ఇలాంటిదే, పాత ముఖ్యమైన ప్రతుల్లో లేదు, అయినా దాన్ని వదులుకోవడానికి దాదాపు ఏ సంఘమూ ఒప్పుకోదు. ఎందుకు ఉంచుకున్నారు అని అడగండి, చాలా బాగా మాట్లాడతారు.

"ఇది మీకెలా తెలుసు" అన్న ప్రశ్నకి జవాబు మామూలుగా నాలుగు చోట్ల నుంచి వస్తుంది. వాక్యంలో ఉంది అనొచ్చు, చరిత్రలో ఆధారం ఉంది అనొచ్చు, మా సంఘం ఇలా బోధిస్తుంది అనొచ్చు, లేదా నా సొంత అనుభవం అనొచ్చు. పండితులు మాట్లాడేటప్పుడు ఒకే వాక్యంలో ఒకదాని నుంచి ఇంకోదానికి దూకేస్తుంటారు, వాళ్ళకి అలవాటైపోయి తెలీదు కూడా. మీ పని అలా దూకడం గమనించడం, గమనించి మర్యాదగా "ఇప్పుడు మీరన్నది చరిత్రా, సిద్ధాంతమా?" అనడం. ఉదాహరణకి కొత్త నిబంధనలో 27 పుస్తకాలు ఎలా వచ్చాయి అంటే చరిత్ర జవాబు ఒకటుంది, మనకి దొరికిన వాటిలో సరిగ్గా ఈ 27 పేర్లే ఉన్న మొదటి లిస్ట్ 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ రాసిన పండగ లేఖలో ఉంది, అంతకుముందు హెబ్రీయులు, ప్రకటన, 2 పేతురు లాంటి వాటి మీద ఒక్కోచోట ఒక్కో మాట నడిచింది. పరిశుద్ధాత్మ సంఘాన్ని నడిపించాడు అన్నది విశ్వాసం చెప్పే జవాబు. రెండూ చెప్పే హక్కు ఆయనకుంది, ఏది ఏదో మీకు తెలియాలి అంతే. అన్నట్టు, నైసియాలో జరిగిన బిషప్పుల సభలో ఓటేసి బైబిల్ పుస్తకాలు ఎంచారు అనే మాట ఇంటర్నెట్‌లో తెగ తిరుగుతుంది, దాన్ని పట్టుకుని మాత్రం వెళ్ళకండి. 325లో అక్కడ ముఖ్యంగా తేల్చింది అరియస్ బోధ సంగతి, కుమారుడు తండ్రితో సమానుడా, సృష్టించబడినవాడా అనేది, ఇంకా ఈస్టర్ పండగ తేదీ లాంటివి. ఈ ఒక్క తప్పుతో ఎదుటివాళ్ళు మిమ్మల్ని ఏ కేటగిరీలో వేస్తారో చెప్పక్కర్లేదు.

విశ్వాసం గురించి అడగడం కొంచెం కష్టం. "మీరు నిజంగా నమ్ముతారా?" అని మొదటి పది నిమిషాల్లో అడిగితే మొహమాటపు జవాబే వస్తుంది. సిద్ధాంతం వైపు నుంచి వెళ్ళండి. రోమా 3:28లో పౌలు క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే నీతిమంతులుగా తీర్చబడతారంటాడు, యాకోబు 2:24 విశ్వాసం మాత్రమే కాదు క్రియల వల్ల కూడా అంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి "మీరు ఈ రెంటినీ ఎలా కలిపి చదువుతారు" అనండి. దీని వెనక 16వ శతాబ్దం నుంచి నడుస్తున్న కొట్లాట ఉంది కాబట్టి లూథరన్ అయితే ఒకలా, కాథలిక్ అయితే ఒకలా మొదలెడతారు, అప్పుడు 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, కాథలిక్ సంఘం ఇదే విషయం మీద, అంటే నీతిమంతులుగా తీర్చబడటం మీద, కలిసి సంతకం పెట్టిన ఉమ్మడి ప్రకటన సంగతి తీయండి, 2006లో మెథడిస్టులు కూడా దానికి సమ్మతి తెలిపారు. "ఆ ప్రకటన మీకు చాలిందా, ఇంకా ఏం మిగిలింది?" అంటే నిజాయితీగా మాట్లాడతారు, ఎందుకంటే దాని మీద సొంత గూటిలోనే వాళ్ళకి భిన్నాభిప్రాయాలున్నాయి.

నాకు తెలిసినంతలో అన్నిటికంటే బాగా పని చేసే ప్రశ్న ఒకటుంది: "మీతో ఒప్పుకోని వాళ్ళ వాదనలో మీకు బలంగా అనిపించేది ఏది?" దీనికి వెంటనే జవాబు రాదు, కాసేపు ఆగుతారు, ఆ గ్యాప్‌లో మీరు నోరు మూసుకుని కూర్చోండి, కంగారుపడి ఇంకో ప్రశ్న వేసేయకండి. ఎవరన్నా "అలాంటిదేం లేదు" అన్నారనుకోండి, అది కూడా మీకు తెలియాల్సిన విషయమే.

ఇక ఆరాధన. దీని గురించి అడిగేవాళ్ళు తక్కువ, కానీ పండితులు కాస్త వదులుగా మాట్లాడేది ఇక్కడే. ఒక షరతు, వాళ్ళ సంఘం ఆరాధనలో ముందు ఒక్కసారైనా వెనక బెంచీలో కూర్చుని రండి. ఆర్థడాక్స్ వాళ్ళ క్రిసొస్తొము ఆరాధన క్రమం చూడకుండా, లేదా క్వేకర్ల మౌన ప్రార్థనలో కూర్చోకుండా దాని గురించి అడిగే ప్రశ్న గాల్లో ఉంటుంది. చూసొచ్చాక "ఫలానా చోట అందరూ లేచి నిలబడ్డారు, అది ఎప్పటి నుంచి ఉంది, ఎందుకు" అని అడగడం చాలా తేలిక. పాత సాక్ష్యం ఒకటి చదివి పెట్టుకోండి, 2వ శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే ఆయన రోమ్ చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారం సభ ఎలా జరుగుతుందో రాశాడు: అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో టైమ్ ఉన్నంతవరకు చదువుతారు, తర్వాత సభ నడిపే పెద్ద మాట్లాడతాడు, అందరూ లేచి ప్రార్థిస్తారు, రొట్టె, ద్రాక్షారసం, నీళ్ళు తెస్తారు, రాలేనివాళ్ళకి డీకన్లు, అంటే సంఘ పరిచారకులు, తీసుకెళ్ళి ఇస్తారు, ఉన్నవాళ్ళు ఇచ్చిన డబ్బు అనాథలకి, విధవలకి, ఖైదులో ఉన్నవాళ్ళకి వెళ్తుంది. ఈ పేరా ఒక్కటీ ఏ సంఘం మనిషి ముందు పెట్టినా "ఇది మాదే" అంటారు. అప్పుడు "అయితే మీ దాంట్లో ఉన్నది దీంట్లో లేనిది ఏంటి, ఎందుకు వచ్చి చేరింది" అనండి. వాయిద్యాల సంగతి అడగొచ్చు, బైబిల్ ఆజ్ఞాపించనిది ఆరాధనలో ఉండకూడదు అనే సంస్కరణ సంఘాల వాళ్ళున్నారు, వాళ్ళలో కొందరు కీర్తనల గ్రంథం తప్ప ఇంకేం పాడరు, బైబిల్ వద్దనలేదు కదా ఉండొచ్చు అనేవాళ్ళూ ఉన్నారు. ఒకే పుస్తకం ముందు పెట్టుకుని ఇలా ఎలా విడిపోయారో వాళ్ళ నోటితోనే వినాలి.

ప్రభురాత్రి భోజనం, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం, దాని దగ్గర మాత్రం జాగ్రత్త. 1529 అక్టోబర్‌లో జర్మనీలో హెస్సె ప్రాంతపు ప్రభువు ఫిలిప్ తన మార్బర్గ్ కోటలో జర్మనీ సంస్కర్త లూథర్‌నీ స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీనీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు, ఇద్దరూ రోమ్ నుంచి విడిపోయినవాళ్ళే, కలిస్తే బలం అని ఆయన ఆశ. లూథర్ సుద్దముక్కతో బల్ల మీద "ఇది నా శరీరము" అని రాసి పెట్టుకున్నాడు, దానిమీద నుంచి కదలనన్నాడు. జ్వింగ్లీ యోహాను 6:63 చూపించాడు, శరీరము కేవలము నిష్ప్రయోజనము అన్న వచనం. 15 అంశాల్లో 14 మీద ఒప్పుకున్నారు, 15వది ఇదే, అందులో కూడా చాలావరకు ఒప్పుకుని, క్రీస్తు శరీరం రక్తం రొట్టెలో ద్రాక్షారసంలో నిజంగా ఉన్నాయా అన్న ఒక్కచోట ఆగిపోయి విడిపోయారు. అంత చదువుకున్నవాళ్ళు, ఒకే పక్షం వాళ్ళు కూడా అలా లేచిపోయారంటే ఈ టాపిక్ ఎంత సున్నితమో చూడండి. కాబట్టి "అది నిజంగా శరీరమేనా" అని పరీక్ష పెట్టినట్టు అడక్కండి. "మీరు తీసుకునేటప్పుడు అక్కడ ఏం జరుగుతోందని మీ సంఘం నమ్ముతుంది, మీరు దాన్ని ఎలా చెప్తారు?" అంటే సరిపోతుంది.

మీరు ఏ మతమో, విశ్వాసి అవునో కాదో మొదట్లోనే ఒక ముక్కలో చెప్పేయండి. దాచిపెట్టి అడిగితే వాళ్ళు ఊహించుకుంటూ మాట్లాడతారు. వాదన గెలవాలని వెళ్తే మాత్రం ఇదంతా దండగ, దానికి డిబేట్లు ఉన్నాయి. ఇంకోటి, "చాలామంది పండితులు ఇలా అంటారు" అన్న మాట వినపడిన ప్రతిసారీ ఆపి "ఎవరు సర్, ఒకరిద్దరి పేర్లు చెప్పండి, ఒప్పుకోనివాళ్ళ పేర్లు కూడా" అని రాసుకోండి. తర్వాత చదవడానికి మీకు లిస్ట్ అక్కడే తయారవుతుంది.

రికార్డ్ చేసుకుంటే ముందే అడిగి చేసుకోండి. ఇంటికొచ్చాక అదే రోజు ఒకసారి విని, ప్రతి ముఖ్యమైన మాట పక్కన వాక్యం, చరిత్ర, సంఘం, సొంతం అని నాలుగింట్లో ఒకటి రాయండి, ఏదో తేలనివి కచ్చితంగా కొన్ని మిగులుతాయి. ఎక్కడైనా పెట్టాలనుకుంటే వాళ్ళ మాటలు ఉన్న భాగం ముందు వాళ్ళకి పంపండి, ఆ తేలని వాటి గురించి కూడా అందులోనే అడగండి. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు జారిపోయినవాటికి చాలామంది రాతలో ఇంకా జాగ్రత్తగా జవాబిస్తారు.